గేటు కాడి లైనక్స్ జట్టు

ఇగో బిడ్డా, మంట దిక్కు జర జరుగుండ్రి. చెరువు గాలి చల్లగున్నది.

మన అజీజ్‌నగర్ గేటు కాడ అప్పట్ల నాకు నెట్ సెంటర్ ఉండె. 1998ల విద్యాజ్యోతి కాలేజీ వచ్చింది. గండిపేట దిక్కు సీబీఐటీ అంతకు శాన ముందుది, 1979ది. జంట చెరువుల నీళ్లు చెడిపోవద్దని 1996ల 111 జీవో తెచ్చిండ్రు. గా జీవో కిందికొచ్చిన 84 ఊర్లల్ల మనదొకటి. అందుకే ఫ్యాక్టరీలు రాలె గని కాలేజీ పిల్లలు మస్తు వచ్చిండ్రు. వాళ్లు నా కాడికి జిరాక్స్‌కు వస్తుండె, ప్రాజెక్టు ప్రింట్లకు వస్తుండె. అట్లనే లైనక్స్ ముచ్చట గూడ నా దుకాణానికొచ్చింది.

2005ల హైదరాబాదుల స్వేచ్ఛ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ సంస్థ వాళ్లు లైనక్స్ మీద తెలుగుల నడిచే ఆపరేటింగ్ సిస్టం తీసిండ్రు. మెనూల మీద తెలుగు అక్షరం చూసి నా పానం ఎంత సంబురపడ్డదో! కొనే పని లేదు, దొంగ సీడీ భయం లేదు, లోపల ఎట్ల రాసిండ్రో ఎవరన్న విప్పి చూడొచ్చు, దిద్దొచ్చు. దీన్ని పదిమందికి చెప్పాల్నని ఇక్కడి పిల్లలు గూడ ఒక జట్టు కట్టిండ్రు. గ్నూ లైనక్స్ యూజర్ గ్రూప్. మీరు గ్లగ్ అంటరే, గదే.

జట్టుల ఒక పిల్లగాడు ఉండె, బంగారమసొంటోడు. సీడీలు కొట్టేది గాయనే. సార్ల కాడికి పోయి సెమినార్ హాలు అడిగేది గాయనే. మెయిల్ పాస్‌వర్డ్ గూడ గాయన తలకాయలనే. ఉద్యోగమొచ్చి బెంగుళూరు పోయిండు. మళ్ల కాలేజీ తెరిచేసరికి, ఇక్కడ జట్టొకటి ఉన్నదన్న సంగతే కొత్త పిల్లలకు తెల్వదు.

పిల్లగాని తప్పేం లేదు. ఇంజినీరింగ్ అంటే నాలుగేండ్లు. మొదటి ఏడు దోవలు తెలుసుకునుడే సరిపోతది, ఆఖరి ఏడు ఉద్యోగాల ఉరుకులాట. నడుమ మిగిలేది రెండేండ్లు. గీ లెక్క చూసుకోకుంట కట్టిన జట్టు నిలవది.

పాత జట్టుల మిగిలినోళ్లు నలుగురైదుగురు ఒక మాపటీలి నా సెంటర్లనే కూసున్నరు. ప్రెసిడెంట్‌ను, సెక్రటరీని పెట్టుకుందామని ఒకడన్నడు. చేవెళ్ల దిక్కు నుంచి వచ్చే ఆడపిల్ల ఒక్కతే అడ్డం తిరిగింది. "పదవులెందుకన్నా, ముందుగాల పనులు పంచుకుందాం" అన్నది. నాలుగు పనులు తేల్చిండ్రు: కంప్యూటర్లల్ల లైనక్స్ ఎక్కిచ్చుడు, తెలుగు చేసుడు, సర్కారు బడి పిల్లలకు నేర్పుడు, పైసల లెక్క. ఒక్కొక్క పనికి ఇద్దరు, థర్డ్ ఇయర్ ఒకరు, పక్కన సెకండ్ ఇయర్ ఒకరు. నారుమడి ముందే పోసుకుంటెనే గదా నాటేసేది! ఫైనల్ ఇయరోళ్లు సలహా అడిగితే చెప్పాలె, అంతే.

జనవరిల అప్పజెప్పాల్నని గూడ ఆ పిల్లనే పట్టుబట్టింది. మే నెలల అప్పజెప్తే పెద్దోళ్లు పెట్టె సర్దుకొని పోతరు, అడుగుదామంటే ఎవరుండరు. జనవరిల అయితే ఇంకా నాలుగు నెలలు కండ్ల ముందే ఉంటరు. ఒక రిజిస్టర్ పెట్టిండ్రు. ఏ ల్యాబుల ఏ ప్రింటర్‌కు డ్రైవర్ దొరకలె, ఏ సార్ తోడుంటడు, పాస్‌వర్డ్ ఎవరికాడ ఉన్నది, అన్ని అండ్లనే.

ఇంకొకటి. అంతకుముందు మీటింగులన్ని రాత్రి మగపిల్లల రూములల్ల అయితుండె. ఆడపిల్లలు ఎట్ల వస్తరు? సాయంత్రం పెడదామంటే కాలేజీ బస్సు ఎల్లిపాయె. అందుకని మధ్యాహ్నం అన్నం టైముకు మార్చిండ్రు. చెట్టు కింద టిఫిన్ డబ్బాలు విప్పుకొనుడే మీటింగు. ఆ ఏడే జట్టుల సగంమంది ఆడపిల్లలయిండ్రు. నన్నడిగితే, అన్నిట్ల పెద్ద మార్పు గదే.

2010ల బెంగుళూరుల వేరే వేరే రాష్ట్రాల జట్లు వచ్చి ఫ్రీ సాఫ్ట్‌వేర్ మూవ్‌మెంట్ ఆఫ్ ఇండియా అని ఒక్కటైనయి, అండ్ల స్వేచ్ఛ గూడ ఉన్నది. 2014 ఏప్రిల్ 8న విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ అప్‌డేట్లు బంద్ వెడితే, పాత కంప్యూటర్లల్ల తేలికపాటి లైనక్స్ ఎక్కిచ్చుడుకు మన పిల్లలకు తీరిక లేకుండె. ఫేస్‌బుక్ ఫ్రీ బేసిక్స్ లొల్లప్పుడు గూడ గంతే. కంపెనీ చూపెట్టిన సైట్లే ఫ్రీగ చూడాలె, మిగతా ఇంటర్నెట్‌కు పైసలు కట్టాలె అంటే ఎట్ల? గేటు కాడ కరపత్రాలు పంచిండ్రు. 2016 ఫిబ్రవరి 8న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, గసొంటి రేట్లు చెల్లవని తేల్చింది. జట్టుకు వార్త చదివి వినిపిచ్చిన పిల్ల గొంతు వణికింది.

2024ల ఓజోనెటెల్ కంపెనీతోని కలిసి స్వేచ్ఛ తెలుగు కథలు చెప్పే ఏఐ చేసింది, చందమామ కథలని. దానికోసం పాత కథలను కంప్యూటర్లకు ఎక్కిచ్చింది వేలమంది కాలేజీ పిల్లలే. అంతమందికి పని పంచాలంటే ఒక్క మనిషితోని అయితదా?

సరే గని, మీ జట్టుల బడి పని ఎవరు చూస్తున్నరు? వాళ్ల పక్కన సెకండ్ ఇయరోళ్లు ఎవరన్న ఉన్నరా?