విజయశాంతి

విజయశాంతి (జననం: 1966 జూన్ 24) దక్షిణాది సినిమా నటి, జాతీయ ఉత్తమ నటి పురస్కార గ్రహీత, లోక్‌సభ మాజీ సభ్యురాలు, తెలంగాణ ఉద్యమ నాయకుల్లో ఒకరు. కుటుంబ మూలాలు ఉమ్మడి వరంగల్ జిల్లా ఏటూరునాగారం ప్రాంతంలోని రామన్నగూడెంలో ఉన్నాయి. ఆ ఊరు ఇప్పుడు ములుగు జిల్లాలో ఉంది. పెరిగింది మాత్రం మద్రాసులో. నటి విజయలలిత ఆమెకు పిన్ని.

ఆమె రంగస్థలం నుంచి వచ్చిన నటి కారు. ముందు తరానికి చెందిన నటి జమున నాటకాలతో మొదలై, సినిమా దాటి, 1989లో రాజమండ్రి నుంచి లోక్‌సభకు వెళ్లారు. విజయశాంతి మాత్రం నేరుగా కెమెరా ముందుకే వచ్చారు. 1980లో భారతీరాజా నటించిన తమిళ చిత్రం ‘కల్లుక్కుళ్ ఈరం’తో పరిచయమై, అదే ఏడాది ‘కిలాడి కృష్ణుడు’లో కృష్ణ సరసన తెలుగు తెరపై కనిపించారు. తర్వాతి రెండు మూడేళ్లలో చెప్పుకోదగ్గ పాత్రలు రాలేదు.

టి. కృష్ణ చిత్రాలు

నాటకరంగం ఆమెను దర్శకుడి రూపంలో చేరుకుంది. ఒంగోలుకు చెందిన టి. కృష్ణ ప్రజానాట్యమండలి నీడలో ఎదిగిన మనిషి. 1940లలో పుట్టి, సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావులు రాసిన ‘మా భూమి’ నాటకంతో తెలంగాణ రైతాంగ పోరాటాన్ని ఆంధ్ర పల్లెలకు మోసుకెళ్లిన సంస్థ అది. ఆ నాటకాన్ని అప్పటి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఆ సంస్థ నేర్పిన సూటిదనాన్ని, కోపాన్ని, జనం భాషను కృష్ణ సినిమాలోకి తెచ్చారు. వాటిని మోయగల ముఖం ఆయనకు పదిహేడేళ్ల విజయశాంతిలో దొరికింది.

‘నేటి భారతం’ (1983) ఆమెకు గుర్తింపు తెచ్చింది. 1985లో ‘దేశంలో దొంగలు పడ్డారు’, ‘వందేమాతరం’, ‘ప్రతిఘటన’ వరుసగా వచ్చాయి. ‘వందేమాతరం’లో పాడిన ప్రజానాట్యమండలి గాయకుడు శ్రీనివాస్‌కు ఆ చిత్రం పేరే ఇంటిపేరైంది. రామోజీరావు నిర్మించిన ‘ప్రతిఘటన’లో ఆమె అధ్యాపకురాలు. ఓ రౌడీ నాయకుడు చేసిన హత్యకు సాక్ష్యం చెప్పడానికి సిద్ధపడినందుకు నడివీధిలో అవమానం పాలవుతుంది. తోడు నిలవాల్సిన భర్తే వెనకడుగు వేస్తాడు. చివరకు ఆ రౌడీ నాయకుణ్ణి సన్మాన సభలోనే గండ్రగొడ్డలితో నరుకుతుంది. తరగతి గదిలో వచ్చే పాటను వేటూరి రాయగా ఎస్. జానకి పాడారు. ఆ పాట జరిగినంతసేపూ విజయశాంతి గొంతెత్తి ఏడవకుండా కళ్లతోనే నిలదీయడం ఆమె నటజీవితంలోనే మేలిమి ఘట్టం. ఈ పాత్ర ఆమెకు నంది పురస్కారం తెచ్చింది. ఇదే చిత్రంలో మంత్రి కాశయ్యగా కోట శ్రీనివాసరావు తెలంగాణ యాసలో మాట్లాడి పేరు తెచ్చుకున్నారు. ఆ రోజుల్లో తెలుగు తెరపై ఆ యాస హాస్యగాడి నోటో, ప్రతినాయకుడి నోటో ఎక్కువగా వినిపించేది.

1986లో ‘రేపటి పౌరులు’ వచ్చింది. ఆ ఏడాదే టి. కృష్ణ క్యాన్సర్‌తో మరణించారు. నాలుగేళ్లలో ముగిసిన ఈ సహవాసం ఆమెకు ఇచ్చిన రూపమే తర్వాత రాజకీయాల్లోనూ చెల్లుబాటైంది.

‘కర్తవ్యం’ నుంచి ‘రాములమ్మ’ వరకు

ఆ దశాబ్దపు మిగతా కాలమంతా చిరంజీవి, బాలకృష్ణల సరసన విజయవంతమైన వ్యాపార చిత్రాలతో గడిచింది. వాటి నడుమ కె. విశ్వనాథ్ ‘స్వయంకృషి’ (1987) విడిగా నిలుస్తుంది. 1989లో ‘భారతనారి’కి రెండో నంది అందుకున్నారు.

1990లో ఎ. మోహనగాంధీ దర్శకత్వంలో ఎ. ఎం. రత్నం నిర్మించిన ‘కర్తవ్యం’ విడుదలైంది. కిరణ్ బేడీని తలపించే పోలీసు అధికారిణి వైజయంతి పాత్రలో పోరాటాలు ఆమే చేశారు. జాతీయ ఉత్తమ నటి పురస్కారం దక్కింది. తమిళంలోకి ‘వైజయంతి ఐపీఎస్’గా వెళ్లి అక్కడా ఆడింది. తర్వాత హిందీలో ‘తేజస్విని’గా తీసినప్పుడూ నాయిక ఆమే. కథానాయకుడి అవసరం లేకుండా టికెట్లు తెగేలా చేయగల నటిగా పంపిణీదారులు ఆమెను లెక్కవేయడం అప్పటి నుంచే మొదలైంది.

అంతకు రెండేళ్ల ముందు బి. నర్సింగరావు ‘దాసి’లో నటించిన అర్చనకు అదే జాతీయ పురస్కారం వచ్చింది. తెలంగాణ దొర గడీలో ఆడబాపగా, అంటే దాసిగా, బతికిన స్త్రీ మౌనాన్ని ఆ చిత్రం చూపింది. 1997లో దాసరి నారాయణరావు తీసిన ‘ఒసేయ్ రాములమ్మ’ కూడా దొరల గడీ కథే. అయితే దాని రాములమ్మ తెలంగాణ మాటతో తిరగబడి తుపాకీ పట్టింది. సంగీతం సమకూర్చింది వందేమాతరం శ్రీనివాసే. కళాఖండంగా ‘దాసి’ మెరుగైనదనడంలో సందేహం లేదు గానీ, జనం గుండెల్లోకి వెళ్లింది రాములమ్మే. తెలంగాణ రైతాంగ పోరాటంలో దొరను ఎదిరించిన ఐలమ్మ ఊరు పాలకుర్తి, 1946 జులై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి ఉన్న జిల్లాల్లో ఆ కథ పరాయిది కాదు. ‘ప్రతిఘటన’లో మంత్రి కాశయ్యకు దక్కిన యాస పన్నెండేళ్లకు నాయికకు దక్కింది. విజయశాంతికి మరో నంది వచ్చింది, మరో పేరూ వచ్చింది: నేటికీ సభల్లో ఆమెను రాములమ్మ అనే పిలుస్తారు.

రాజకీయాలు

1998లో భారతీయ జనతా పార్టీలో చేరారు. 1999లో కడప లోక్‌సభ స్థానంలో సోనియాగాంధీపై పోటీకి ఆమె పేరు వినిపించింది గానీ, సోనియా బళ్లారిని ఎంచుకోవడంతో అది జరగలేదు. ప్రత్యేక రాష్ట్రం విషయమై బీజేపీని వీడి, తల్లి తెలంగాణ పేరుతో సొంత పార్టీ పెట్టి, తర్వాత దాన్ని తెలంగాణ రాష్ట్ర సమితి (టీఆర్ఎస్)లో విలీనం చేశారు. 2009లో ఆ పార్టీ గెలిచిన రెండే లోక్‌సభ స్థానాల్లో ఒకటి కె. చంద్రశేఖరరావు గెలిచిన మహబూబ్‌నగర్ కాగా, రెండోది 6,077 ఓట్ల ఆధిక్యంతో ఆమెకు దక్కిన మెదక్. 2011లో తెలంగాణ ఎంపీల రాజీనామాల వేళ ఆమె కూడా లేఖ ఇచ్చారు. ఆ రాజీనామాలు ఆమోదం పొందలేదు.

2013లో టీఆర్ఎస్ ఆమెను సస్పెండ్ చేసింది. రాష్ట్రం ఏర్పడిన 2014లో కాంగ్రెస్ అభ్యర్థిగా మెదక్ శాసనసభ స్థానంలో పద్మా దేవేందర్‌రెడ్డి చేతిలో ఓడారు. 2020 డిసెంబరులో తిరిగి బీజేపీకి, 2023 నవంబరులో తిరిగి కాంగ్రెస్‌కు వెళ్లారు. 2025 మార్చిలో శాసనమండలికి ఎన్నికయ్యారు.

‘నాయుడమ్మ’ (2006) తర్వాత పదమూడేళ్లకు పైగా సినిమాలకు దూరంగా ఉండి, 2020లో ‘సరిలేరు నీకెవ్వరు’తో తిరిగొచ్చారు. కథానాయకుడు మహేశ్‌బాబు, ఆమె తొలి తెలుగు నాయకుడు కృష్ణ కుమారుడు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ‘అర్జున్ సన్నాఫ్ వైజయంతి’లో మళ్లీ వైజయంతి అనే పోలీసు అధికారిణిగా నటించారు. అప్పటికి ఆమె శాసనమండలి సభ్యురాలు.