పగిలిన మూతి తుపాకి ఎటు కొడుతుంది?

 

పోయిన ఆదివారం మదీనాగూడ రూముల్లో ఉండే మేము ఆరుగురం కలిసి మియాపూర్‌లో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగాం, సాలార్‌జంగ్ మ్యూజియంకి పోయాం. అందరూ గడియారం దగ్గర నిలబడితే మేము ఆయుధాల గదిలోనే గంటసేపు ఉండిపోయాం. అక్కడి వత్తి తుపాకులు నవాబులవి, చెక్కడాలు చేసినవి. మన ఊళ్ళలో చూసినవి అట్లా ఉండవు. మూతి అరిగి, గొట్టానికి తీగ చుట్టి, కట్ట పగిలి ఉంటాయి.

తిరిగొచ్చేటప్పుడు మాలో మాకు ఒక వాదన మొదలైంది. ఆఫీసులో ఒకాయన మా తమ్ముడితో అన్నాడంట, "మీవాళ్ళు అమాయకులు, నాటు తుపాకులు పట్టుకుని బ్రిటిష్ వాళ్ళ మీదికి పోయారు" అని. ఆ 'అమాయకులు' అనే మాట మనందరికీ తెలిసిందే కదా. పాఠ్యపుస్తకంలో ఉంటది, మంత్రుల ఉపన్యాసాల్లో ఉంటది. అమాయకులే అయితే ఆ తుపాకి ఎంత చెడ్డదో వాళ్ళకి తెలియకుండా ఉండాలి. కానీ బాగా తెలుసు. ఈ పోస్టు దాని గురించే.

ముందు తుపాకి సంగతి. భర్మార్ అంటే మూతి నుంచి నింపేది. కొలత ప్రకారం మందు పోయాలి, గుడ్డపేలికతో సీసం గుండు పెట్టాలి, ఇనుప చువ్వతో గట్టిగా దిగ్గొట్టాలి. చెయ్యి తిరిగినవాడికి కూడా నిమిషానికి రెండు మూడు దెబ్బలే. నల్లమందు కాలాక మిగిలే మసి గాలిలో తేమని పీల్చుకుంటది. వెంటనే కడగకపోతే గొట్టం లోపల తుప్పు గుంటలు పడతాయి. గుండు మందు దాకా దిగకుండా మధ్యలో ఆగినప్పుడు పేలిస్తే గొట్టం అక్కడే ఉబ్బుతుంది, లేకపోతే చీలుతుంది. ఇక మూతి. గుండు గొట్టాన్ని చివరగా తాకేది అక్కడే. ఆ అంచు ఒక పక్క విరిగితే, వెనక నుంచి తోసే వాయువు ఆ పక్కనుంచి ముందే బయటపడి గుండుని పక్కకి నెడుతుంది. గొట్టం అంతా బాగున్నా ఆ చిన్న పెచ్చు చాలు, గురి చెడడానికి.

మాలో ఒకరి తాత మన్యంలో పాత వేటగాళ్ళు తుపాకిని ఎట్లా పరీక్షించేవాళ్ళో చెప్పేవాడంట. చెట్టుకి బొగ్గుతో చుక్క పెట్టి, ఒకే కొలత మందుతో, ఒకే దూరం నుంచి మూడు దెబ్బలు కొట్టాలి. మూడూ ఒకే పక్కన, దగ్గర దగ్గరగా పడితే ఆ తుపాకి పనికొస్తది. ఎడమకి పోతే కుడికి గురి పెట్టుకోవాలి, అంతే. మూడూ మూడు దిక్కులకి పోతే మాత్రం గుండు మానేసి రవ్వలు పోసి దగ్గర నుంచే కొట్టాలి. చూడండి, ఎప్పుడూ ఒకే పక్కకి పోయే తప్పు వేరే, చెల్లాచెదురుగా పడే తప్పు వేరే. ఇప్పుడు మా టీంలో టెస్టింగ్ చేసే చెల్లెలు నవ్వి, "ఇదే కదా మేము డేటా సైన్స్‌లో చదివింది" అంది.

ఈ పరీక్షకి ఒక ఇంగ్లీషు చుట్టం కూడా ఉన్నాడు. బెంజమిన్ రాబిన్స్ అని గణితవేత్త. 1742లో తుపాకి శాస్త్రం మీద పుస్తకం రాశాడు. గుండు సూటిగా ఎందుకు పోదు అని తేల్చడానికి కావాలనే ఒక తుపాకి గొట్టాన్ని మూతి దగ్గర మూడు నాలుగు డిగ్రీలు ఎడమకి వంచాడు. దారిలో పలుచటి కాగితం తెరలు కట్టాడు, చివర గోడ. కాగితం మీద చిల్లులు చూస్తే మొదట గుండు ఎడమకే పోయింది. గోడ దగ్గరికి వచ్చేసరికి మాత్రం కుడికి ఒక అడుగుకి పైగా తిరిగి తగిలింది! ఎందుకంటే వంపు దగ్గర గుండు గొట్టం కుడి గోడని రాసుకుంటూ పోయి గిర్రున తిరగడం మొదలుపెట్టింది, ఆ తిరుగుడు గాలిలో దాన్ని కుడికి లాగింది. ఫ్రీకిక్‌లో బంతి వంగుతుంది చూడండి, అదే. ఈయన తర్వాత ఈస్టిండియా కంపెనీ కొలువులో మనవైపే వచ్చి 1751లో కడలూరు దగ్గర ఫోర్ట్ సెయింట్ డేవిడ్‌లో చనిపోయాడు.

దీన్నిబట్టి తెలిసేది ఏందంటే, చెడిన గొట్టం ఎటు కొడుతుందో ఒక దూరానికే చెప్పగలం. ముప్పై అడుగుల్లో ఎడమ, వంద గజాల్లో కుడి కావచ్చు. కాబట్టి ఆ దూరం దాటకుండా ఉండటమే తెలివి.

ఇప్పుడు చరిత్ర చదవండి. 1878లో ఆయుధాల చట్టం వచ్చింది, లైసెన్సు లేని తుపాకి నేరమైంది. 1879లో రంప ఫితూరీ. కొత్త గొట్టం తెచ్చుకునే దారి మూసుకుపోయాక పాతదే తాత నుంచి మనవడికి వచ్చి ఉంటుందని మా అనుకోలు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి 26 తుపాకులు, దాదాపు 2,500 తూటాలు పట్టుకుపోయింది. డబ్బు కోసం కాదు, తుపాకుల కోసమే పోయారు. తమ చేతిలో ఉన్నది ఎంతవరకు పనికొస్తదో తెలిసినవాళ్ళు చేసే పని అది.

సెప్టెంబర్ 24న దామనపల్లి దగ్గర ఏం జరిగింది? సన్నటి దారి, రెండు పక్కలా అడవి. ముందు నడిచే దేశీ పోలీసులని పోనిచ్చారు, వెనక వస్తున్న తెల్ల అధికారులనే కొట్టారు. స్కాట్ కవర్డ్, హైటర్ ఇద్దరూ అక్కడే చనిపోయారు. ఎవరిని వదలాలో, ఎవరిని కొట్టాలో ఎంచుకోగలిగారంటే దూరం వాళ్ళ చేతిలో ఉంది. అదే డిసెంబర్ 6న పెద్దగడ్డపాలెంలో మలబార్ స్పెషల్ పోలీసులతో పోరు జరిగినప్పుడు దూరం వాళ్ళ చేతిలో లేదు. మనుషులని పోగొట్టుకున్నారు. మా దృష్టిలో ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చదవాలి, కానీ మన సినిమాలు మొదటిదే చూపిస్తాయి.

1940లో జోడేఘాట్ కూడా ఇంతే. కొమురం భీం మనుషులకి ఉన్నవి కొన్ని భర్మార్లు. ఎదురుగా వెనక నుంచి తూటా పెట్టే రైఫిళ్ళు. ఒకటి పేల్చి మళ్ళీ నింపుకునేలోపు అటునుంచి ఎన్ని వస్తాయో లెక్కేసుకోండి. అక్కడ ధైర్యం తక్కువై ఓడలేదు, అమాయకత్వం వల్ల అంతకన్నా కాదు.

ఒక మాట తమ్ముళ్ళకి: ఇంటి అటక మీద పాతది ఏదైనా ఉంటే దాంతో ప్రయోగాలు చేయొద్దు. తుప్పు పట్టిన గొట్టం చేతిలోనే పేలుతుంది, పైగా లైసెన్సు లేకపోతే కేసు. ఫోటో తీయండి, దాని కథ ఇంట్లో పెద్దలని అడిగి రాసి ఇక్కడ పెట్టండి. గొట్టం ఏ పక్క అరిగిందో, దాన్ని పట్టినవాళ్ళు ఎటు గురి పెట్టేవాళ్ళో కూడా అడగండి. మా వాడి తాత తుపాకి ఇప్పుడు లేదు. "కుడి చెవి పక్కకి చూడు, గుండెకి తగులుద్ది" అని అడవిపంది గురించి ఆయన చెప్పిన మాట ఒక్కటే మిగిలింది.