ఖుర్రం ఖాన్: నలభై మూడేళ్ల వయస్సులో శతకం

ఖుర్రం ఖాన్ సంయుక్త అరబ్ ఎమిరేట్స్ క్రికెట్ జట్టుకు నాయకత్వం వహించిన ఎడమచేతి వాటం బ్యాటర్. ఆయన 1971 జూన్ 21న పాకిస్తాన్‌లోని ముల్తాన్‌లో జన్మించారు. జీవనోపాధి కొరకు ఎమిరేట్స్‌కు వలస వెళ్లి, ఎమిరేట్స్ విమానయాన సంస్థలో పర్సర్‌గా, అనగా విమానంలో ప్రయాణికుల సేవను పర్యవేక్షించే ఉద్యోగిగా పనిచేశారు. దేశ జట్టులో ఆడుటకు అక్కడి జన్మమే అవసరం కాదు; నిర్ణీత కాలపు నివాసం కూడా అర్హతయే.

2004 ఆసియా కప్‌లో ఆయన తొలి వన్డే ఆడారు. చిన్న దేశాలకు అవకాశాలు అరుదు కనుక ఆయన వన్డేలు కొద్దివే. 2014 నవంబరు 30న దుబాయిలో అఫ్గానిస్తాన్‌పై 132 పరుగులు చేసి అజేయంగా నిలిచారు. అప్పటికి ఆయన వయస్సు 43 సంవత్సరాల 162 రోజులు. వన్డేలలో శతకం చేసిన అతిపెద్ద వయస్కుడిగా శ్రీలంకకు చెందిన సనత్ జయసూర్య రికార్డును అధిగమించారు.

తెలుగులో ‘శతకం’ అనగా నూరు పద్యాల కావ్యం. నూరు పరుగులకూ నేడు అదే మాట వాడుతున్నాము.

1996 తరువాత ఎమిరేట్స్ మరల వన్డే ప్రపంచ కప్ ఆడినది 2015లోనే. ఆరు ఆటలలోనూ ఓడినది. ఆ జట్టులో అధికులు ఉద్యోగాలు చేసుకొనుచు ఆడినవారే. కూలికి ఓడలెక్కిన పెద్దల సంతతి అయిన మనకు ఈ చరిత్ర పరాయిది కాదు: పని కొరకు చేరిన నేల పేరునే ఆయన చొక్కాపై ధరించారు.