కాంటెస్సా రేడియేటర్ మార్పిడి

హిందుస్థాన్ మోటార్స్ కాంటెస్సా కారులో కారుతున్న రేడియేటర్‌ను విప్పి మాటు వేయించడం, కోర్ (గొట్టాలు, ఫిన్స్ ఉన్న మధ్య భాగం) మార్పించడం లేదా వేరొకటి బిగించడం ఈ పని కిందికి వస్తాయి. కారు తయారీ ఆగి రెండు దశాబ్దాలు దాటింది కనుక పాత ఇత్తడి ట్యాంకులను కాపాడుకోవడం ఇందులో ముఖ్యం.

నేపథ్యం

కాంటెస్సాకు మూలం బ్రిటన్‌కు చెందిన వాక్స్‌హాల్ వీఎక్స్ శ్రేణి. విడుదల సంవత్సరాన్ని కొందరు 1982గా, కొందరు 1984గా రాస్తారు. 1982 చివర్లో కనిపించినవి పరీక్షా వాహనాలని చెబుతారు కాబట్టి 1984నే తీసుకోవడం సబబు. మొదట అమర్చిన 1,489 సీసీ అంబాసిడర్ ఇంజన్ బండి బరువుకు చాలలేదు. 1980ల చివర్లో వచ్చిన ఇసుజు 1,817 సీసీ ఇంజన్‌తోనే దీనికి వేగమైన కారన్న పేరు వచ్చింది. దాని శక్తిని సుమారు 85–88 హార్స్‌పవర్‌గా పేర్కొంటారు. తయారీ 2002లో ఆగిపోయింది. ఈ ఇసుజు ఇంజన్ అంబాసిడర్ 1800 ఐఎస్‌జడ్‌లోనూ ఉండటంతో థర్మోస్టాట్, వాటర్ పంపు వంటి వాటికి అటువైపూ వెతుకుతారు.

కారడానికి కారణాలు

ఆ తరం రేడియేటర్లలో సాధారణంగా గొట్టాలు, ట్యాంకులు ఇత్తడివి, ఫిన్స్ రాగివి, అతుకులు తగరం-సీసం టంకంతో వేసినవి. బోరు నీళ్లు పోస్తూ పోతే గొట్టాల లోపల సున్నం పేరుకుంటుంది. కుదుపులకు అతుకులు విడతాయి. తెలంగాణలోని కురవి, మహబూబాబాద్ వైపు వరి కోతల కాలంలో దుమ్ము, పొట్టు ఫిన్స్ మధ్య ఇరుక్కుని గాలిని ఆపుతాయి. ఎండ 40 డిగ్రీలు దాటే వేసవిలో ఈ లోపాలన్నీ ఒక్కసారే బయటపడతాయి. నీళ్లు చుక్కలుగా రాలకముందే అతుకు పక్కన తెల్లటి లేదా పచ్చటి మరక కనిపిస్తుంది.

విప్పడం, బిగించడం

ఇంజన్ పూర్తిగా చల్లారాకే మూత తీయాలి. సుమారు 0.9 బార్ ఒత్తిడి మూత కింద మామూలు నీళ్లు కూడా దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. వేడి మీద మూత తీస్తే అవి ఒక్కసారిగా ఆవిరై ముఖానికి ఎగజిమ్ముతాయి. కింది నుంచి కూలెంట్‌ను పాత్రలోకి వదలాలి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండి కుక్కలను ఆకర్షిస్తుంది, అది విషం. అందుకే దాన్ని నేల మీద పారబోయకూడదు. పై, కింది హోస్ పైపులు ఊడదీసి, ఫ్యాన్‌కూ కోర్‌కూ మధ్య మందపాటి అట్ట పెట్టి, బోల్టులు విప్పి నిటారుగా పైకి లాగాలి. అట్ట లేకపోతే ఫ్యాన్ రెక్క తగిలి మంచి గొట్టమూ చిల్లు పడుతుంది.

బిగించేటప్పుడు హోస్ పైపులు, క్లిప్పులు, మూత, థర్మోస్టాట్ కూడా కొత్తవి వేయడం మేలు. పాత మూత ఒత్తిడి నిలపకపోతే కొత్త కోర్ ఉన్నా బండి వేడెక్కుతుంది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలిపి నెమ్మదిగా పోసి, మూత తీసి ఇంజన్ నడిపి గాలి బుడగలు పోనివ్వాలి.

మాటా, మార్పా

రేడియేటర్ వర్క్స్‌లో కోర్‌ను నీళ్ల తొట్టిలో ముంచి గాలి పట్టిస్తారు. బుడగ లేచిన చోటే చిల్లు. ఒకటి రెండు అతుకులైతే మాటు చాలు. గొట్టాలే పలచబడితే పాత ట్యాంకులకు కొత్త కోర్ వేయించాలి. అల్యూమినియం రేడియేటర్ తేలికనీ, కాబట్టి మేలనీ ఒక వాదన. రాగి వేడిని ఎక్కువ బాగా ప్రసరింపజేస్తుందన్నది రెండో వాదన. అల్యూమినియంలో గొట్టాలను వెడల్పుగా చేసి ఆ తేడాను పూడుస్తారు కనుక చల్లార్చడంలో రెండూ దగ్గరగానే ఉంటాయి. అయితే అల్యూమినియానికి టిగ్ వెల్డింగ్ కావాలి. ఇత్తడిని ట్రాక్టర్, లారీ రేడియేటర్లకు మాటు వేసే చేతులే బాగు చేయగలవు. జిల్లాల్లో నడిచే కాంటెస్సాకు ఇత్తడి కోరే నమ్మకమైనది.