మేకలు దిద్దిన చింత

పొద్దు ఏడు కాకముందే వచ్చారు, నయమైంది. గోరంట్లలో జ్యేష్ఠం ఎండ తొమ్మిదింటికే రేకులను కాల్చేస్తుంది. ఆ తర్వాత ఈ పంచలో నిలవలేరు.

పాత కుట్టుమిషను బల్ల మీద సిమెంటు తొట్టి, అందులో చింత. ఎత్తు అడుగున్నర. మొదలు మాత్రం రెండు గుప్పిళ్లకూ అందదు. వంగి చూడండి. బెరడు ఎండిన చెరువుమట్టిలా నెర్రెలిచ్చి ఉంది. ఒక పక్క బెరడే లేదు, నల్లబారిన చేవ బయటపడి, నడుమ వేలు దూరేంత తొర్ర.

ఇది మామ చేని గట్టు మీదది, అల్లుడు దీన్ని బోన్సాయ్‌గా దిద్దుతున్నాడు. వేరుశనగ కోత అయ్యాక దారిన పోయే ప్రతి మందా దీని చిగురు కొరికింది. ఎదగనివ్వకపోయేసరికి మాను పొడవు మాని లావుకు తిరిగింది. "మా నాయన నాటికీ ఇంతే ఉండె" అంటాడు మామ. గట్టు చదును చేసే పని పడినప్పుడు ముందే చుట్టూ గాడి తీశారు. తల్లివేరును ఒక్కసారిగా కాకుండా విడతలుగా నరికి, తొలకరికి మట్టిబెడ్డతో సహా లేపి గోనెపట్టలో చుట్టి తెచ్చారు. పట్టా చేను గనక సరిపోయింది. అడవి భూమిలో గడ్డపార దించితే 1967 నాటి అటవీ చట్టం ఊరుకోదు.

అల్లుడు టూత్‌బ్రష్షుతో తొర్రలో దుమ్ము దులుపుతున్నాడు. గోటితో బెరడు అంచు గీరితే సన్నటి పచ్చపొర కనబడింది. చెట్టు ప్రాణం ఆ పొరలోనే ఉంటుంది. దాన్ని తెంపితే చెట్టుకు ముప్పు. బల్ల చుట్టూ తిరిగి చూసి అడిగాడు.

"ముందు ఏ పక్క పెడదాం మామా?"

"మేకలు తిన్నె పక్కే పెట్టప్పా. నున్నంగుండే పక్క చూసేకి ఏముంది?"

అల్లుడి ఫోన్లో జపాను జునిపర్ బొమ్మ తెరిచి ఉంది. ఇటోయిగావా కొండచరియల నుంచి తెచ్చిన రకం. మంచుకూ గాలికీ చచ్చిన కొయ్య తెల్లగా తేలి, దాని పక్కన ఎర్రటి బెరడు పట్టీ ఒక్కటే బతికి పైకి పాకుతుంది. మసాహికో కిమురా లాంటివాళ్లు యంత్రపు పనిముట్లతో ఆ కొయ్యను మెలికలు తిప్పి చెక్కారు. తెలుపు నిలవడానికి సున్నం, గంధకం కలిపి కాచిన ద్రావణం పూస్తారు. అల్లుడి దగ్గరా చిన్న సీసా ఉంది. మూత మీద చెయ్యి వేసి ఆగాడు.

ఆగడమే మంచిదైందని నా లెక్క. ఆ తెలుపు మంచుకొండ చెట్టుకు సొంతం. చింత చేవ పుట్టుకతోనే నలుపు, తెల్లరంగు వేస్తే అద్దెకు తెచ్చిన వేషమే. జునిపర్‌ను ఇక్కడికి తెద్దామా అంటే దానికి చలికాలపు విశ్రాంతి కావాలి, మన సీమలో అదెక్కడ? పాత అనంతపురం జిల్లాలో ఏడాదంతా కలిపినా 550 మిల్లీమీటర్ల చిల్లర వాన. అంత తక్కువలో కాసిన చింతపండే హిందూపురం మార్కెట్ యార్డులో బస్తాలకు బస్తాలు దిగుతుంది.

సీసా పక్కకు పోయింది. ఉలితో తొర్ర అంచున పుచ్చిన పొట్టు మాత్రం తీశాడు. గట్టి చేవ తగలగానే ఉలి కంగుమంది, అక్కడితో సరి.

ఇక కొమ్మలు. జునిపర్‌కు అంతస్తులు దిద్ది కొస మొనదేలుస్తారు. చేలో చింత అట్లా ఉండదు కదా. అడ్డంగా విచ్చుకుని, కింద పదిమంది కూర్చునేంత నీడ పట్టి నిలబడుతుంది. అందుకే నిట్టనిలువుగా లేచిన రెమ్మను రంపంతో తీసేశాడు. మామ ముఖం చిట్లించాడు గాని మాట్లాడలేదు. లేత రెమ్మలకు అల్యూమినియం తీగను ఏటవాలుగా చుట్టి, బొటనవేళ్లు రెండూ ఆనించి కొద్దికొద్దిగా వంచుతున్నాడు. ముదురు కొమ్మ వంగదు, టక్కున విరుగుతుంది. దానికి పురికొస కట్టి చిన్న రాయి వేలాడదీశాడు. కత్తిరించిన చిగురు అత్త అప్పటికే చేటలోకి ఏరుకుంది, మధ్యాహ్నం పప్పులోకి.

వేళ్ల జోలికి ఇవాళ పోరు. పైనా కిందా ఒకేసారి కోత పెడితే చెట్టు తట్టుకోదు. తొట్టిలో జల్లించిన ఇటుక పొడి, ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు ఉన్నదున్నట్టే ఉంచారు.

"ఈ మూల వద్దప్పా, ఆషాఢం గాలి ఈడికే కొడ్తాది" అన్నాడు మామ. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. మొదలు ఊగితే కొత్త పీచువేళ్లు తెగుతాయి. అల్లుడు తొట్టి అడుగు బెజ్జాల్లోంచి రాగితీగ తీసి, సైకిల్ ట్యూబు ముక్క అడ్డం పెట్టి మొదలును బిగించాడు.

"వానలు పడితే రెమ్మలు బిర్రున లావెక్కుతాయి. తీగ బెరడులోకి దిగకముందే ఇప్పేయప్పా, మచ్చ పడితే పోదు."

"ఇప్పుతాలే మామా. ముందు దీన్ని గోడ పక్కకు జరుపుదాం, ఒక చెయ్యి వెయ్యి."