ఒకే ఇంజిన్, మూడు కార్లు: ఫెరారీ డీనో కథ

ఈ ఎపిసోడ్‌లో ఒక ఇంజిన్ కథ చెప్పుకుందాం. ఇటలీలో పుట్టిన ఇంజిన్. కానీ ముందు మిమ్మల్ని విజయవాడ ఆటోనగర్‌కి తీసుకెళ్తాను. ఎందుకో మీకే అర్థమవుతుంది.

నేను తొమ్మిదో తరగతి చదివేటప్పుడు మా మావయ్యకి ఒక ప్రీమియర్ పద్మిని ఉండేది. మీలో చాలామంది ఆ కారుని పాత సినిమాల్లోనే చూసుంటారు. ఇటలీ కంపెనీ ఫియట్ డిజైన్ చేసిన 1100 మోడలే అది. ముంబయిలో ప్రీమియర్ కంపెనీ తయారు చేసేది. అందుకే మా ఇంట్లో ఎవరూ దాన్ని పద్మిని అనేవాళ్లు కాదు, 'ఫియట్ కారు' అనేవాళ్లు. ఒక ఎండాకాలం గుడివాడ నుంచి వస్తుంటే రేడియేటర్‌లో నీళ్లయిపోయి బండి వేడెక్కి ఆగిపోయింది. చూస్తే ఇంజిన్ హెడ్‌కి పగులు. కొత్త హెడ్ ఎక్కడా దొరకలేదు. ఆటోనగర్‌లో రెండ్రోజులు షెడ్డు షెడ్డూ తిరిగాం. చివరికి ఒక పెద్దాయన తన షెడ్డు వెనక్కి తీసుకెళ్లి, చక్రాల్లేకుండా ఇటుకల మీద నిలబెట్టిన ఆకుపచ్చ పద్మినిని చూపించాడు. "ఇంకో బండి పోతేనేగానీ మీ బండి బతకదండీ" అన్నాడు మావయ్యతో.

మావయ్య బేరంలో పడిపోయాడు. నాకు మాత్రం ఆ మాట అలా ఉండిపోయింది. చాలా ఏళ్ల తర్వాత ఫెరారీ చరిత్ర చదువుతుంటే అదే మాట మళ్లీ గుర్తొచ్చింది. ఇవాళ కోట్ల రూపాయలు పలికే ఒక ఫెరారీ కారు విషయంలో కూడా సరిగ్గా ఇదే జరిగింది. ఆ కారు పేరు డీనో. దాన్ని బతికించడానికి పోయిన బండి ఏదనుకుంటున్నారు? అదీ ఒక ఫియటే!

సరే, మొదటి నుంచీ వద్దాం.

ఎంజో ఫెరారీకి ఆల్ఫ్రెడో అని ఒక కొడుకు. ముద్దుపేరు డీనో. 1932లో పుట్టాడు. ఇంజినీరింగ్ చదువుకున్నాడు, తండ్రి కంపెనీలోనే పనిచేయాలనుకున్నాడు. కానీ కండరాలు క్రమంగా బలహీనపడిపోయే జబ్బు, మస్క్యులర్ డిస్ట్రఫీ, అతన్ని మంచానికి కట్టేసింది. ఆ రోజుల్లో ఫెరారీలో విట్టోరియో యానో అనే గొప్ప ఇంజినీర్ ఉండేవాడు. తండ్రి, కొడుకు, యానో ముగ్గురూ మంచం పక్కనే కూర్చుని ఒక కొత్త వీ6 ఇంజిన్ గురించి మాట్లాడుకునేవాళ్లమని ఎంజో తర్వాత రాసుకున్నాడు. 1956 జూన్ 30న డీనో చనిపోయాడు. వయసు 24.

మరుసటి ఏడాదే ఆ వీ6 ఇంజిన్ రేసు ట్రాక్ మీదికి వచ్చింది. ఎంజో దానికి కొడుకు పేరే పెట్టాడు. 1958లో మైక్ హాథార్న్ ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్ అయ్యింది డీనో వీ6 ఉన్న కారులోనే.

ఇక్కడిదాకా ఇది ఒక తండ్రి కథ. ఇక్కణ్ణుంచి రూల్ బుక్ కథ.

1967 నుంచి ఫార్ములా 2 రేసులకి కొత్త రూల్ వచ్చింది. రేసు కారు ఇంజిన్ బ్లాక్, రోడ్డు మీద తిరిగే కారు నుంచే రావాలి. అదీ ఏదో పదీ పాతికా కాదు, ఏడాదిలో కనీసం 500 తయారై ఉండాలి. అప్పట్లో ఫెరారీ చిన్న కంపెనీ. ఒకే మోడల్ ఏడాదికి 500 చేయడం దాని వల్ల కాని పని. మరి ఎంజో ఏం చేశాడు? ఫియట్ తలుపు తట్టాడు. ఒప్పందం సింపుల్: ఇంజిన్ మాది, తయారీ మీది. మీ కార్లలోనూ వాడుకోండి, మాకూ ఇవ్వండి.

రేసు ఇంజిన్‌ని రోజూ ఆఫీసుకి వెళ్లే మనిషి నడిపే ఇంజిన్‌గా మార్చే పని ఫియట్‌లో ఎవరికి పడిందో తెలుసా? ఔరేలియో లాంప్రెడికి. ఒకప్పుడు ఫెరారీకే ఇంజిన్లు డిజైన్ చేసి, 1955లో ఫియట్‌కి వెళ్లిపోయిన మనిషి. అటు తిరిగి ఇటు తిరిగి ఫెరారీ ఇంజిన్ మళ్లీ ఆయన టేబుల్ మీదికే వచ్చింది.

1966లో ట్యూరిన్ మోటార్ షోలో ఫియట్ డీనో స్పైడర్ వచ్చింది, మరుసటి ఏడాది కూపే. తర్వాత ఫెరారీ సొంతంగా చేసిన డీనో 206 జీటీ వచ్చింది. తమాషా ఏంటంటే, ఫెరారీ చేసిన ఆ కారు మీద దూకే గుర్రం బొమ్మ ఉండదు. డీనో అన్న పేరే ఉంటుంది.

మొదటి ఇంజిన్ 2.0 లీటర్లు, బ్లాక్ అల్యూమినియం. 1969లో దాన్ని 2.4 లీటర్లకి పెంచారు, బ్లాక్‌ని పోత ఇనుముకి మార్చారు. ఆ కొత్త ఇంజిన్‌తో ఫెరారీ వైపు డీనో 246, ఫియట్ వైపు డీనో 2400 వచ్చాయి. ఆ తర్వాత అదే ఇంజిన్ మూడో ఇంటికి చేరింది: లాంచియా స్ట్రాటోస్. పక్కనుంచి చూస్తే బాణం ములికిలా ఉండే ఈ బుల్లి కారు లాంచియాకి 1974, 75, 76 వరుసగా మూడేళ్లు ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్ తెచ్చిపెట్టింది.

అంటే ఇంజిన్ ఒకటే, కార్లు మూడు. ఇప్పుడు లెక్క చూడండి. డీనో 206 జీటీలు సుమారు 150. డీనో 246లు మూడున్నర వేల పైచిలుకు. స్ట్రాటోస్‌లు 500కి కాస్త అటూ ఇటూ. ఫియట్ డీనోలు మాత్రం ఏడున్నర వేలకు పైనే! అసలు ఈ ఇంజిన్ ఎక్కువగా ఉన్నది ఫియట్ బానెట్ కిందే.

1974కల్లా డీనో 246 ఆగిపోయింది. ఫియట్ డీనో అంతకుముందే ఆగిపోయింది. కార్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. తిరిగే ఇంజిన్ అరగక తప్పదు కదా. అసలు సమస్య అక్కడ మొదలైంది.

పాత ఇంజిన్ పార్టులన్నీ ఒకే రకం కష్టం కాదు, ఇది గుర్తుపెట్టుకోండి. గాస్కెట్లు, ఆయిల్ సీళ్లు పోతే పెద్ద బాధ లేదు, కొలతలుంటే మళ్లీ చేయించుకోవచ్చు. పిస్టన్లు, వాల్వులు కూడా ఆర్డరిస్తే చేసిచ్చే వర్క్‌షాపులున్నాయి. వెబర్ కార్బురేటర్లు ఎన్నో కార్లకి వాడారు కాబట్టి వాటి సామాన్లు ఇప్పటికీ దొరుకుతాయి. ఇగ్నిషన్ దగ్గర కొంచెం చిక్కు. మాగ్నెటి మరెల్లి కంపెనీ 'డైనోప్లెక్స్' అని ఒక ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టె ఇచ్చింది. ఆ రోజులకి అది చాలా కొత్త టెక్నాలజీ, అంతే త్వరగా మొరాయించేది కూడా. అందుకే పెట్టెని బయటికి పాతదానిలాగే ఉంచి, లోపల ఇప్పటి సర్క్యూట్ పెట్టుకునేవాళ్లున్నారు.

అసలు కష్టం బ్లాక్‌తోనూ హెడ్‌తోనూ. ఇవి కరిగిన లోహాన్ని అచ్చులో పోసి చేసేవి. లోపల నీళ్ల దారులు, ఆయిల్ దారులు అన్నీ పోతలోనే వస్తాయి. ఒక పగులు వచ్చిందంటే కొత్తది షాపులో దొరకదు. పాత అచ్చులు లేకపోతే కొత్తగా పోయించాలి, ఒక్క కారు కోసం అంటే ఆ ఖర్చు చూసి కళ్లు తిరుగుతాయి.

మరి ఫెరారీ డీనో ఓనరుకి బ్లాక్ పగిలితే? అప్పుడు చూపు ఫియట్ డీనో కూపే మీద పడింది. నలుగురు కూర్చునే కారు, గుర్రం బొమ్మ లేదు, డీనో 246తో పోలిస్తే రేటు ఎంతో తక్కువ. బాడీకి తుప్పు పట్టి ఉంటే మరీ చౌక. లోపల మాత్రం అదే వీ6. ఇంకేముంది, ఇంజిన్ బయటికి తీశారు, మిగతాది తుక్కు.

అలాగని ఎత్తి ఇక్కడ, దింపి అక్కడ అన్నంత తేలిక కాదు. ఫియట్‌లో ఇంజిన్ ముందు వైపు నిలువుగా ఉంటుంది. ఫెరారీ డీనోలో, స్ట్రాటోస్‌లో డ్రైవర్ వెనక అడ్డంగా ఉంటుంది. గేర్‌బాక్స్ కలిసే చోటు వేరు, అడుగున ఆయిల్ సంప్ వేరు. కాబట్టి బ్లాక్, హెడ్ లాంటి లోపలి భాగాలు తీసుకుని, మిగతావి పాత ఇంజిన్ నుంచే మార్చుకోవాలి. అయినా కొత్త పోత కంటే అదే నయం అనుకున్నారు.

ఇలా ఎన్నో ఫియట్ డీనోలు పోయాయి. ఇక్కడ నాకు మనసుకి కష్టంగా అనిపించేది ఒకటుంది. అసలు ఆ 500 లెక్క పూర్తయ్యేలా చేసింది ఎవరు? ఫియట్. ఫియట్ కార్లు అన్ని తయారవ్వబట్టే ఆ ఇంజిన్ ఫార్ములా 2కి అర్హత పొందింది. డీనో పేరు రోడ్డు మీదికి వచ్చిందీ అందువల్లే. 1969లో ఫెరారీ కంపెనీలో సగం వాటా ఫియట్ కొన్నాక, డీనో 2400లని మారనెల్లోలోనే, ఫెరారీల పక్కనే బిగించారు కూడా. ఒకే కప్పు కింద పుట్టిన రెండు కార్లలో ఒకటి మ్యూజియం వస్తువైంది, ఇంకోటి స్పేర్ పార్టుల గోదామైంది. తేడా బ్యాడ్జి ఒక్కటే.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. పాత కార్ల మార్కెట్‌లో 'మ్యాచింగ్ నంబర్స్' అని ఒక మాట ఉంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఏ నంబరు ఇంజిన్ ఉందో, ఇప్పుడూ అదే ఉండాలి. వేరే ఇంజిన్ ఉంటే కారు విలువ బాగా తగ్గిపోతుంది. 2006లో ఫెరారీ 'క్లాసికే' అనే విభాగాన్ని అధికారికంగా మొదలుపెట్టింది. వాళ్లు పాత కార్లని పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తారు, పాత డ్రాయింగుల ప్రకారం పార్టులు కూడా చేస్తారు. దాంతో పగిలిన బ్లాకుని పారేయకుండా బాగుచేసుకోవడమే లాభం అయింది. పోత ఇనుముని వెల్డింగ్ చేస్తే ఆ వేడికి పక్కన మళ్లీ పగిలే ప్రమాదం ఉంది. అందుకే పగులు పొడుగునా రంధ్రాలు వేసి, లోహపు మరలు వరసగా బిగించి, బట్టకి కుట్టు వేసినట్టు కుడతారు. దీన్ని మెటల్ స్టిచింగ్ అంటారు. వేడి అక్కర్లేదు, నంబరు చెక్కుచెదరదు.

ఈలోగా ఫియట్ డీనోల రేటు కూడా పెరిగింది. ఇవాళ బాగున్న కూపేని ఇంజిన్ కోసం విప్పడానికి ఎవరికీ చేతులు రావు. ఒక చరిత్రని కాపాడటానికి ఇంకో చరిత్రని విప్పేశామని అర్థమయ్యేసరికి చాలా బళ్లు పోయాయి, ఉన్నవైనా మిగిలాయి.

మావయ్య కారు సంగతి చెప్పలేదు కదా. ఆ ఆకుపచ్చ పద్మిని హెడ్‌తో మా బండి ఇంకో ఆరేళ్లు తిరిగింది. దాంట్లోనే మా అక్కని అత్తారింటికి దింపి వచ్చాం. ఆ ఆకుపచ్చ కారు ఎవరిదో, ఎవరి పెళ్లికి వెళ్లిందో మేమెప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడగాలనిపిస్తోంది, కానీ ఆ షెడ్డూ లేదు, ఆ పెద్దాయనా లేడు.

మీ ఇంట్లో కూడా మూలన పడున్న పాత బండి ఏదైనా ఉంటే, తుక్కు కింద అమ్మేసే ముందు దాని కథ ఒకసారి నాన్ననో తాతయ్యనో అడగండి. కింద కామెంట్‌లో రాయండి, నేను అన్నీ చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి, నమస్తే!