కల్దార్ రూపాయి, లాయక్ అలీ, మా పేట

మా నారాయణపేట గతం చెప్పమంటే చీరలు, బంగారం, శివాజీ కథ దగ్గరే ఆగిపోతాం. హైదరాబాద్ సంస్థానపు ఆఖరి ప్రధాని మీర్ లాయక్ అలీ పేరు ఎవరూ ఎత్తరు. ఆయన సంతకాల దెబ్బ మాత్రం పేట బజారుకు తగలకుండా పోయేది కాదు.

లాయక్ అలీ ఇంజనీరు, పరిశ్రమలు నడిపిన మనిషి. సిర్పూర్ కాగితం మిల్లు మేనేజింగ్ ఏజెన్సీ ఆయన కంపెనీదే. ఆ పనితనాన్ని నేను తక్కువ చేయను. కానీ 1947 చివర ఆయన ప్రధాని గద్దె ఎక్కింది ఖాసిం రజ్వీ నడిపిన ఇత్తెహాద్ పార్టీ అండతోనే. ఇటలీలో అలెస్సాండ్రో మార్తెల్లి అనే భూగర్భశాస్త్ర ఆచార్యుడు కూడా ఇలాగే 1928లో ముస్సోలినీ కొలువులో జాతీయ ఆర్థిక వ్యవస్థ మంత్రి అయ్యాడు. చదువుకున్నవాళ్లు పక్కన ఉంటే అలాంటి ఏలుబడికి పరువు వస్తుంది. నాకు కోపం తెప్పించేది అదే.

అప్పుడు మన దగ్గర రెండు రూపాయలు నడిచేవి. చార్మినార్ బొమ్మ ఉన్నది హాలి సిక్కా, ఇంగ్లీషు రాజు తల ఉన్నది కల్దార్. ఏడు హాలి రూపాయలిస్తే ఆరు కల్దార్లు వచ్చేవి. పేట చీరకు గిరాకీ మహారాష్ట్ర దిక్కు. పెద్ద అంచు, గళ్ల ఒళ్లు ఉన్న చీర షోలాపూర్ బేరగాడి చేతికి పోతే తిరిగొచ్చేది కల్దారే. నిజాం భారత ప్రభుత్వంతో చేసుకున్న యథాతథ ఒప్పందం మీద సిరా ఆరకముందే లాయక్ అలీ సర్కారు సంస్థానంలో భారత రూపాయి చెల్లదంది, బంగారం, వెండి భారతదేశానికి పంపకూడదంది. అట్లనే పాకిస్తాన్‌కు ఇరవై కోట్ల రూపాయల అప్పు ఇచ్చింది. మగ్గం గుంటలో కాళ్లాడించే మనిషికి, త్రాసు పట్టిన కంసాలికి ఇందులో ఏం లాభం?

అప్పంపల్లిలో నిజాం పోలీసులు జరిపిన కాల్పుల పాపం లాయక్ అలీ మీద వేయను. అది 1947 అక్టోబరు నాటిది, ఆయన ఇంకా రాలేదు. ఆయన వచ్చాక తొమ్మిది నెలల్లో రజ్వీ రజాకార్లు ఊళ్ల మీద పడుతుంటే గద్దె దిగకుండా కూర్చున్నందుకు జవాబు మాత్రం ఆయనే చెప్పాలి. పింగళి వెంకట్రామారెడ్డి ఉపప్రధానిగా ఉన్నాడు కాబట్టి అందరి సర్కారే అని వాదించేవాళ్లున్నారు. నాకది ఒప్పదు. తుపాకులెవరి చేతిలో ఉన్నాయో చూడాలి.

భారత సైన్యం సంస్థానంలోకి వచ్చాక 1948 సెప్టెంబరు 17న లాయక్ అలీ రాజీనామా చేశాడు. బేగంపేటలో గృహనిర్బంధంలో ఉంచితే 1950 మార్చిలో కన్నుగప్పి కరాచీ చేరాడు. ఆయన మంత్రివర్గంలోని మొయిన్ నవాజ్ జంగ్ లండన్‌లో పాకిస్తాన్ హైకమిషనర్ పేరిట మార్పించిన పది లక్షల పౌండ్లు వడ్డీతో మూడున్నర కోట్లయ్యాయి. 2019లో లండన్ కోర్టు ఆ సొమ్ము పాకిస్తాన్‌ది కాదని, భారతదేశానికీ నిజాం వారసులకూ చెందుతుందని తీర్పు చెప్పింది.